బాలికల విభాగంలో చమేలి

ఆ వారం హుసేన్‌పీరాకు అయిదు పెళ్ళిళ్ళున్నాయి. అయిదూ ఊళ్ళోవాళ్ళవే, అతనిది పాతికేళ్ళ కిందటే అయిపోయింది. మంగళవారం ఒకటి, బుధవారం ఒకటి, గురువారం పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి, ఆదివారం ఒకటి. ఎర్రవంక జిల్లా మొత్తం మీద పెళ్ళికొడుకును ఎక్కించి ఊరేగించదగ్గ గుర్రం ఒక్కటే ఉంది. దాని పేరు చమేలి. తెల్లటి ఆడగుర్రం, తొమ్మిదేళ్ళది. దాని యజమాని హుసేన్‌పీరా.

చమేలికి వచ్చిన విద్యలు మూడు. చెవి పక్కన వెయ్యివాలా పేలినా బెదరదు. బ్యాండు మేళం వినబడితే దెబ్బకొక అడుగు చొప్పున కాళ్ళెత్తి ఆడుతుంది. షామియానా కనబడితే ఎవరూ చెప్పకుండానే దాని ముందు ఆగిపోతుంది. రానిది ఒక్కటే, పరుగు. నిజానికి పరుగెత్తకుండా ఉండడమే పీరా దానికి మూడేళ్ళు కష్టపడి నేర్పిన నాలుగో విద్య. పెళ్ళికొడుకు అనేవాడు గుర్రం ఎక్కడం మామూలుగా అదే మొదటిసారి. పైగా తలపాగా, పూలదండలు, కళ్ళకు అడ్డంగా మల్లెపూల తెర. అలాంటి మనిషిని వీపు మీద పెట్టుకుని పరుగెత్తే గుర్రాన్ని ఎవరు పిలుస్తారు?

ఆదివారం పెళ్ళి మిగతా నాలుగింటిలాంటిది కాదు. అది బ్యాండు మేళం సుంకన్న కొడుకు పెళ్ళి. పద్దెనిమిదేళ్ళుగా సుంకన్న క్లారినెట్ ముందు నడుస్తుంటే పీరా గుర్రం వెనక నడుస్తోంది. "మా వాడు చమేలి మీదనే రావల్ల బావా," అని సుంకన్న ఏడాది కిందటే అడిగాడు. పీరా చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

సోమవారం పొద్దున పీరా చమేలి జూలు దువ్వుతుండగా జిల్లా క్రీడాధికారి వేదమూర్తి గారు కొట్టం ముందు జీపు దిగారు. ఎర్రవంక కొత్తగా ఏర్పడిన జిల్లా. సొంత భవనాలు ఇంకా లేవు. క్రీడాధికారి కార్యాలయం ఒక వేరుశనగ గోడౌను మీది అంతస్తులో ఉంది. అక్కడి ఫైళ్ళన్నీ వేరుశనగ వాసన వేస్తాయి. కొత్త జిల్లా గనక పాత జిల్లాల కంటే ఎక్కువ పని జరుగుతున్నట్టు కనబడాలన్నది వేదమూర్తి గారి బెంగ.

"పీరా, ఈ రోజు నుంచి నీ గుర్రం ప్రభుత్వ దృష్టిలో ఉంది," అన్నారాయన.

"యాం తప్పు చేసింది సార్?" అన్నాడు పీరా, దువ్వెన కింద పడేసి.

తప్పు కాదని, అవకాశమని వేదమూర్తి గారు వివరించారు. శనివారం రాజధానిలో సమగ్ర క్రీడా మహోత్సవం. మొత్తం ముప్ఫై ఒక్క క్రీడలు. ఏ జిల్లా అయినా ఏ ఒక్క క్రీడలోనైనా మనిషిని పంపకపోతే ఆ గడిలో 'శూన్య ప్రాతినిధ్యం' అని ఎర్రగా పడుతుంది. ఎర్రగా పడితే అధికారి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ముప్ఫై క్రీడలకు వేదమూర్తి గారు ఏర్పాట్లు పూర్తి చేశారు. కత్తిసాముకు మార్కెట్ యార్డు కాపలావాళ్ళు దొరికారు. తెరచాప పడవల పోటీకి చెరువులో చేపలు పట్టే ఇద్దరు ఒప్పుకున్నారు. మిగిలింది అశ్వక్రీడ.

"ఇది పెండ్లి గుర్రం సార్. పరిగెత్తదు."

"పరుగెత్తాలని సర్క్యులర్‌లో ఎక్కడా లేదు. ప్రాతినిధ్యం వహించాలనే ఉంది."

"ఈ వారం అయిదు పెండ్లిండ్లుండాయి సార్. మాటిచ్చినాను."

వేదమూర్తి గారు చేతిలోని సర్క్యులర్ మూడో పేజీ తిప్పారు. "వృత్తిరీత్యా ప్రదర్శనలు ఇచ్చువారు అనర్హులు. పోటీ ముగిసేదాకా నీ గుర్రం పెళ్ళికి పోకూడదు. పోతే వృత్తి క్రీడాకారుల కిందికి వస్తుంది. పోకపోతే ఔత్సాహికుల కిందికి వస్తుంది."

"ఔత్సాహికులంటే?"

"ఉత్సాహం గలవాళ్ళు."

పీరా చమేలి వంక చూశాడు. అది ఒక వెనక కాలు వాల్చి, కింది పెదవి వేలాడేసి నిద్రపోతోంది.

"నావల్ల కాదు సార్," అన్నాడు పీరా.

వేదమూర్తి గారు కోప్పడలేదు. కొట్టాన్ని పైకప్పు దగ్గర్నుంచి పునాది దాకా ఒకసారి చూశారు. "ఈ స్థలం పోరంబోకు కదా? ఆ మధ్య తహసీల్దారు గారు ఏదో అంటుంటే విన్నాను," అని జీపెక్కారు. ఆ మధ్యాహ్నమే పీరా చమేలిని తోలుకుని గోడౌను దగ్గరికి వెళ్ళాడు.

*

నమోదు చేసే పని కంప్యూటర్ ఆపరేటర్ హేమావతిది. కాంట్రాక్టు ఉద్యోగం, వచ్చే నెల పొడిగించాలా వద్దా అన్న కాగితం వేదమూర్తి గారి బల్ల మీదే ఉంది. అందువల్ల ఆమె ప్రతి మీటనూ ముద్దపప్పు మీద వేలు పెట్టినంత మెల్లగా నొక్కుతుంది.

పోర్టల్ ముందు ఫొటో అడిగింది. ఆమె కిందికి దిగి పీరానూ చమేలినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీసి ఎక్కించింది. పోర్టల్ కాసేపు ఆలోచించి చమేలి ముఖం చుట్టూ ఆకుపచ్చ గీత గీసి, 'ముఖము గుర్తించబడినది' అంది. ముందు గుర్రం వివరాలు అడుగుతోంది కాబోలనుకుని హేమావతి పేరు చమేలి అని, లింగం స్త్రీ అని, పుట్టిన తేదీ పీరా చెప్పినది చెప్పినట్టు కొట్టింది. ఆ తర్వాత మీట నొక్కేసరికి తెర మీద పూలు రాలాయి. 'అభినందనలు! చమేలి, మీరు పదేళ్ళలోపు బాలికల విభాగమున క్రీడాకారిణిగా నమోదైనారు. ఈ వివరములు ఇకపై మార్చబడవు.'

హేమావతి ముఖం పాలిపోయింది. దిద్దుబాటుకు అర్జీ పెట్టుకోవచ్చుగాని జవాబు పదిహేను పనిదినాల్లో వస్తుంది. పోటీ అయిదు రోజుల్లో ఉంది. ఆమె ఏడుపు ఆపుకుంటూ వేదమూర్తి గారిని పిలుచుకొచ్చింది. ఆయన తెర చదివి, కుర్చీలో కూర్చుని, మూడు నిమిషాలు కళ్ళు మూసుకున్నారు.

"భయపడకమ్మా," అన్నారు కళ్ళు తెరిచి. "పోర్టల్‌లో ఎక్కినది వాస్తవం. వాస్తవాన్ని మార్చే అధికారం నాకు లేదు. కాబట్టి మనమే దానికి అనుగుణంగా నడుచుకుందాం. క్రీడాకారిణి చమేలి."

"మరి నేను సార్?" అన్నాడు పీరా.

పోర్టల్‌లో ఇంకా ఒక్క గడి ఖాళీగా ఉంది: 'క్రీడాకారిణి వెంట తెచ్చుకొను సామగ్రి.' వేదమూర్తి గారు దాన్ని చూపించారు. హేమావతి తలవంచుకుని కొడుతూ పైకి చదివింది. "రౌతు. సంఖ్య, ఒకటి. రకం, మగ. స్థితి, పాతది."

"'వాడదగినది' అని కూడా చేర్చమ్మా," అన్నారు వేదమూర్తి గారు ఉదారంగా.

*

సామగ్రి అయినాక స్టోరుకు పోవాలి. స్టోర్ కీపర్ ఓబులేసు ఆడిట్ వాళ్ళ చేతుల్లో రెండుసార్లు దెబ్బ తిన్నవాడు. మనసు మంచిదేగాని రిజిస్టరులో లేని చీపురుపుల్లను కూడా నమ్మడు. మంగళవారం పొద్దున అతను పీరాను తల నుంచి కాలిదాకా పరికించి, నలభై ఏడో నెంబరు వేసి, చొక్కా వీపు మీద అచ్చు పెట్టి తెల్లరంగుతో ముద్రకొట్టాడు. నలభై ఆరో నెంబరు చినిగిన వాలీబాల్ నెట్టు.

"ఏమనుకోవద్దు పీరన్నా. పొద్దున పదికి నిన్ను బయటికిస్తా. సాయంత్రం అయిదుకు నువ్వు తిరిగి స్టోరులో ఉండల్ల. తాళం వేసుకుంటా," అన్నాడు.

"నేను ఇంటికి పోవద్దా?"

"సామాను ఇంటికి పోతాదా?"

సాయంత్రం అయిదున్నరకు పీరా భార్య ఖైరూన్ వచ్చేసరికి ఆమె భర్త ఇనుప గుండ్ల మధ్య, క్యారమ్ బోర్డుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె కేకలు వేయలేదు. రిజిస్టరు తెప్పించుకుని, అందులో ఏమేం గడులున్నాయో ఓబులేసు చేత చదివించుకుంది. చివరి గడి 'మరమ్మతు నిమిత్తం బయటకు పంపినవి.'

"ఆ, దాంట్లో రాయి. మరమ్మతు చేసేది నేనే," అంది.

ఓబులేసు ముఖం విప్పారింది. అది నిబంధనకు సరిపోతుంది. "ఏం చెడిపోయిందని రాయాల వదినా?"

"నోరు పనిచెయ్యడం ల్యా. వద్దు అని చెప్పాల్సిన చోట బిగుసుకపోతాండాది."

ఓబులేసు 'సాధారణ సర్వీసింగ్' అని రాసుకుని ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం నలభై ఏడో నెంబరు సామగ్రి సర్వీసింగుకు వెళ్ళి పొద్దున తిరిగొచ్చేది.

క్రీడాకారిణికి మాత్రం గౌరవం ఎక్కువే జరిగింది. పదేళ్ళలోపు బాలికల ఆహార పట్టిక ప్రకారం పొద్దున రెండు గుడ్లు, అరటిపండు, గ్లాసు పాలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు. సాయంత్రం ఒక కప్పు గుగ్గిళ్ళు. తింటుండగా ఫొటో తీసి పంపాలి. బయటి ఆహారం నిషిద్ధం గనక గడ్డి ఆగిపోయింది. చమేలి అరటిపండును తొక్కతో సహా తిని, గుడ్లను వాసన చూసి, హేమావతి చేతిలో ఉన్న ఆహార పట్టికను నమిలేసింది. ఆకలితో అది గోడ నాకడం చూసిన ఖైరూన్ మంగళవారం సాయంత్రమే వేదమూర్తి గారి ముందు నిలబడింది.

"గుగ్గిళ్ళు పెట్టొచ్చా సార్?"

"పట్టికలో ఉంది. ఒక కప్పు."

"ఎంత కప్పని ఉందా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. కప్పు కొలత ఇవ్వలేదు. మర్నాటి నుంచి ఖైరూన్ బట్టలుతికే తొట్టిని కప్పుగా వాడింది. ఉలవ గుగ్గిళ్ళతో నిండిన ఆ కప్పును హేమావతి ఫొటో తీసి, 'అల్పాహారం, ఒక కప్పు' అని పంపింది. పోర్టల్ ఆకుపచ్చ గీత గీసింది.

*

బుధవారం శిక్షణ మొదలైంది. అశ్వక్రీడకు శిక్షకుడు లేనందున వేదమూర్తి గారే బాలికల వ్యాయామ దీపిక పట్టుకుని మైదానంలోకి దిగారు. ఆయన ఈల ఊదగానే చమేలి ముందు కాళ్ళు రెండూ ముడిచి వంగి నమస్కారం పెట్టింది. పెళ్ళిళ్ళలో పిల్లలు ఈల వేస్తే అది చేసే పని అదే. వేదమూర్తి గారు ముగ్ధులైపోయి 'క్రమశిక్షణ అమోఘం' అని రాసుకున్నారు. తర్వాత మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిప్పమన్నారు. మొదటి చుట్టులో సగం దూరం పోయేసరికి ఆయన కోసం వేసిన షామియానా ఎదురైంది. చమేలి దాని ముందు ఆగింది. పీరా మడమలతో పొడిచాడు, బతిమాలాడు, దిగి ముందు నుంచి లాగాడు. లోపలి నుంచి ఎవరో హారతి పళ్ళెంతో వస్తారని అది నలభై నిమిషాలు ఓపికగా ఎదురు చూసింది.

అప్పుడు సుంకన్న వచ్చాడు. మెడలో క్లారినెట్ సంచి వేలాడుతోంది. పీరా చొక్కా మీది నెంబరును ఒక్క క్షణం చూసి, దాని గురించి అడగకూడదని నిర్ణయించుకున్నాడు.

"నిన్న పెండ్లికొడుకును డీజే బండి మీద నిలబెట్టినారు బావా. కరెంటు తీగ తలపాగాను ఎత్తుకపోయింది."

"ఈ పొద్దు?"

"జేసీబీ తొట్టిలో కూచోబెట్టినారు. డ్రైవరు అలవాటు కొద్దీ దండల కుప్పలోకి వంచినాడు." సుంకన్న గొంతు తగ్గించాడు. "ఆదివారం మా వాన్ని దేంట్లో తేవల్లో చెప్పు."

పీరాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పద్దెనిమిదేళ్ళలో అతను ఒక్క మేళానికీ ఎగనామం పెట్టలేదు. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చి కళ్ళెం పట్టుకున్నవాడు. "శనివారంతో అయిపోతాది. ఆదివారం పొద్దున్నే మీ వాకిట్లో ఉంటాం," అన్నాడు.

"నువ్వు చెప్తే సరే. ఆ సార్ చెప్పినాడా?"

సుంకన్న చమేలి మెడ తట్టి వెళ్ళిపోయాడు. గురువారం పెళ్ళిళ్ళు రెండూ ఎలా జరిగాయో పీరా ఎవరినీ అడగలేదు.

శుక్రవారం ప్రయాణం. క్రీడాకారులు బస్సులో, సామగ్రి లారీలో పోవాలని ఉత్తర్వు. చమేలిని చూసిన బస్సు డ్రైవరు తాళాలు వేదమూర్తి గారి చేతిలో పెట్టి టీ తాగడానికి పోయాడు. చివరికి మున్సిపాలిటీ వాళ్ళు వీధి పశువుల్ని పట్టే వ్యానుకు 'క్రీడాకారుల వాహనం' అని బ్యానరు కట్టారు. పదేళ్ళలోపు బాలిక ఒంటరిగా ప్రయాణించరాదు గనక తోడుగా మహిళా ఉద్యోగి ఉండాలి. హేమావతి వ్యానులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని, చమేలి ముఖానికి ముఖం పెట్టి కూర్చుంది. పీరాను హర్డిళ్ళతోపాటు లారీలో ఎక్కించి, దొర్లిపోకుండా ఓబులేసు ఒక తాడు కూడా కట్టాడు. లారీ వెనక, వ్యాను ముందు. పీరా కనబడనప్పుడల్లా చమేలి సకిలించేది. మొదట భయపడ్డ హేమావతి సగం దారిలో దాని చెవుల వెనక గోకడం నేర్చుకుంది. "నావల్లే గదమ్మా నీకీ తిప్పలు," అని దానికొక్కదానికే చెప్పుకుంది.

*

శనివారం స్టేడియంలో చూస్తే, శూన్య ప్రాతినిధ్యం అంటే వేదమూర్తి గారికొక్కరికే భయం కాదని తెలిసింది. ఒక జిల్లా వాళ్ళు రెండు గాడిదలకు 'అశ్వజాతికి సమీప బంధువులు' అని ధ్రువపత్రం తెచ్చారు. ఇంకో జిల్లా వాళ్ళు జాతరలో కీలుగుర్రం కట్టి ఆడే కళాకారుణ్ణి తెచ్చారు. చింతలకోన జిల్లా అధికారి ఏకంగా రంగులరాట్నం నుంచి ఊడదీసిన చెక్కగుర్రాన్ని పట్టించుకొచ్చాడు. ఎర్రరంగు, నవ్వుముఖం, వీపు నుంచి పొట్ట దాకా కడ్డీ పెట్టే రంధ్రం. చేయించింది కిందటేడే గనక అదీ పదేళ్ళలోపు విభాగమే. ఎక్కడినుంచో వచ్చిన అసలైన గుర్రాలు రెండున్నాయిగాని, ప్రారంభోత్సవపు టపాకాయలు పేలగానే అవి గేటు దూకి, పిలిచినా వినకుండా, ఊరి వైపు వెళ్ళిపోయాయి.

వేదిక మీద క్రీడల కమిషనర్ గారు ప్రసంగించారు. "నేటి స్వర్ణ విజేతలను నాలుగేళ్ళపాటు రాష్ట్ర ఆవాస అకాడమీలో చేర్చుకుని, ప్రపంచస్థాయిగా తీర్చిదిద్దుటకు ప్రభుత్వం కృతనిశ్చయంతో ఉన్నది."

పీరా వేదమూర్తి గారి దగ్గరికి పరుగెత్తాడు. "నాలుగేండ్లా సార్? చమేలినా?"

"గెలిస్తే. నువ్వు ప్రార్థించుకో, గెలవచ్చు."

"మరి నేను?"

"అకాడమీకి సొంత సామగ్రి ఉందయ్యా," అన్నారు వేదమూర్తి గారు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఎర్రవంకకు పతకం వచ్చే ఊహకే ఆయన కరిగిపోయారు.

పీరా తిరిగొచ్చి చమేలి మెడ మీద నుదురు ఆనించి నిలబడ్డాడు. వారం నుంచి ముద్ర వేయించుకున్నాడు, తాడు కట్టించుకున్నాడు, మాట తప్పాడు. ఇది మాత్రం వల్ల కాదనిపించింది. ఓడిపోవాలి, అనుకున్నాడు. ఓడిపోవడం ఎంతసేపు? గుర్రం కదలకుండా నిలబడితే చాలు.

అతని వంతు వచ్చింది. 'అశ్వ విన్యాసం, బాలికలు' అని మైకులో పిలిచారు. పీరాను ఎక్కించుకుని చమేలి మైదానం మధ్యకు నడిచి నిలబడింది. పీరా కళ్ళెం బిగబట్టాడు. ఒక నిమిషం గడిచింది. ఎక్కడా కదలిక లేదు. న్యాయనిర్ణేతలు ఆవలించారు. పీరా గుండె తేలికపడింది.

అంతలో అతిథులకు విసుగు రాకుండా పోలీసు బ్యాండు ఎత్తుకుంది.

ఆరు రోజులుగా మేళం వినని చమేలి ఒళ్ళంతా జలదరించింది. కుడి కాలు ఎత్తింది. ఎడమ కాలు ఎత్తింది. డప్పు దెబ్బకొక అడుగు, మధ్యలో ఒక మెలిక, ఒక గుండ్రటి తిరుగుడు. పీరా కళ్ళెం వెనక్కి లాగాడు. కళ్ళెం వెనక్కి లాగితే ముందు కాళ్ళు రెండూ గాల్లోకి లేపాలని అతనే నేర్పాడు, లేపింది. జనం లేచి నిలబడ్డారు. అతను కంగారుగా మడమలు నొక్కాడు. పక్కకు జరుగుతూ ఆడింది. "ఆగవే తల్లీ, ఆగు!" అని చెవిలో బతిమాలాడు, పెళ్ళికొడుకు ముద్దుచేస్తున్నాడనుకుని తల ఊపింది. జనంలో ఎవడో ఈల వేశాడు. చమేలి కాళ్ళు ముడిచి వేదిక వైపు వంగి నమస్కారం చేసింది. కమిషనర్ గారు తెలియకుండానే తిరిగి నమస్కారం పెట్టారు.

అంతా అయ్యాక గాడిదలు, కీలుగుర్రం కూడా తమ వంతు చేశాయి. చెక్కగుర్రాన్ని నలుగురు మోసుకొచ్చి పెట్టి, కాసేపాగి, మోసుకుపోయారు. స్వర్ణం చమేలికి వచ్చింది.

పతకం మెడకు చాలకపోతే చెవికి తగిలించారు. ఫొటోలయ్యాయి. వేదమూర్తి గారు హేమావతిని పక్కకు పిలిచి, నీ కాగితం మీద సోమవారమే సంతకం పెడతానన్నారు. అప్పుడు అకాడమీ డైరెక్టర్ గారు కొత్త తాడు పట్టుకుని వచ్చారు.

"ఇక దిగవయ్యా," అన్నారు.

పీరా దిగలేదు.

"నిన్నే. దిగు."

"నేను దిగను సార్."

వేదమూర్తి గారు డైరెక్టర్ గారి వెనక్కి చేరారు. సామగ్రి మాట్లాడకూడదని సైగ చేశారు. పీరా చూడలేదు. కళ్ళెం వదల్లేదు. కమిషనర్ గారు కూడా వచ్చారు.

"ఏమిటి సమస్య?"

"ఒక్క మాట చెప్పండి సార్, దిగిపోతా," అన్నాడు పీరా. "నాలుగేండ్లు దీనికి మీరేం నేర్పుతారు?"

డైరెక్టర్ గారు నొచ్చుకున్నారు. ఆయన పాఠ్యప్రణాళికను ఆయనే స్వయంగా రాశారు. "మొదటి సంవత్సరం, శబ్దభయ నివారణ."

"ఇందాక టపాకాయలు కాల్చినారు గదా సార్. ఇది చెవి కూడా ఆడించల్యా."

"రెండవ సంవత్సరం, జనసమూహమున స్థిరత్వం."

"ఐదు నూర్ల మంది పెండ్లిలో నిద్రపోతాది సార్."

"మూడవ సంవత్సరం, లయబద్ధ పదవిన్యాసం..." అని మొదలుపెట్టి, డైరెక్టర్ గారు చెవికి వేలాడుతున్న పతకాన్ని చూసి ఆగిపోయారు. చివరి ఆశగా అన్నారు. "నాలుగవ సంవత్సరం అనుభవం లేని రౌతును మోయుట. అది అత్యంత కఠినం."

"అనుభవం లేనోళ్ళను తప్ప ఇంకొకర్ని ఇది మోసిందే లేదు సార్. ఈ వారమే నన్ను మోసింది."

కమిషనర్ గారూ డైరెక్టర్ గారూ పక్కకు వెళ్ళి చాలాసేపు గుసగుసలాడారు. నేర్చుకోవలసినది ఏమీ లేని విద్యార్థిని చేర్చుకుంటే ప్రణాళిక వృథా అని తేలుతుంది. చేర్చుకోకపోతే అకాడమీ సీటు ఖాళీ అని ఎర్రగా పడుతుంది. చివరికి కమిషనర్ గారే మైకు దగ్గరికి వెళ్ళారు.

"ఎర్రవంక క్రీడాకారిణి పరిపూర్ణురాలైనందున శిక్షణకు అనర్హురాలిగా నిర్ణయించడమైనది. మెరుగుదలకు అత్యధిక అవకాశం గల అభ్యర్థిని, అనగా చింతలకోన జిల్లా క్రీడాకారిణిని, అకాడమీలో చేర్చుకొనడమైనది."

చప్పట్లు మోగాయి. డైరెక్టర్ గారు చెక్కగుర్రం మెడకు కొత్త తాడు కట్టారు. అది నవ్వుముఖంతో అలాగే నిలబడింది.

*

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి చమేలి సుంకన్న వాకిట్లో ఉంది. ఖైరూన్ దాని నుదుట జరీ పట్టీ కట్టింది. పీరా ముద్రపడ్డ చొక్కా విప్పేసి తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. పెళ్ళికొడుకును ఎక్కించాక సుంకన్న క్లారినెట్ తుడుచుకుంటూ పీరా పక్కకు వచ్చాడు.

"గెలిచిందంట గదా బావా. ఎవరు వాయించినారు?"

"పోలీసోళ్ళు."

"తాళం సరిగా వేసినారా?"

"యాడ? మధ్యలో రెండు సార్లు తప్పినారు. ఇదే సర్దుకునింది."

సుంకన్న ముఖం వెలిగిపోయింది. కొడుకు పెళ్ళిలో తండ్రి వాయించకూడదని చుట్టాలు ఎంత చెప్పినా వినకుండా, పట్టుపంచె ఎగగట్టి మేళం ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. మూడు వీధులు దాటడానికి ఆ రోజు రెండు గంటలు పట్టింది. ఆడింది చమేలి ఒక్కటే కాదు, కళ్ళెం పట్టుకున్న పీరా కూడా ఆడాడు. వేదమూర్తి గారు శుభలేఖ లేకుండానే వచ్చి భోజనం చేసి వెళ్ళారు.

మూడు నెలలు గడిచాక ఒక పొద్దున వేదమూర్తి గారు మళ్ళీ కొట్టం ముందు జీపు దిగారు. పీరా ఏదో పెళ్ళికి చమేలికి జీను బిగిస్తున్నాడు. ఆయన చేతిలో కాగితం చూడగానే అతని చేతులు ఆగిపోయాయి.

"కంగారు పడకు. ఇది అకాడమీ మొదటి నివేదిక," అని ఆయన పైకి చదివారు. "చింతలకోన విద్యార్థిని. హాజరు, నూటికి నూరు. శబ్దభయం, పూర్తిగా నివారించబడినది. జనసమూహమున స్థిరత్వం, అద్భుతం. ఆహారం విషయమున ఎట్టి ఫిర్యాదు లేదు. రాష్ట్రంలోని క్రీడాకారులందరికీ ఆదర్శప్రాయం." ఆయన కాగితం మడిచి నిట్టూర్చారు. "చూశావా పీరా? ఆ స్థానంలో మన చమేలి ఉండాల్సింది. ఎంత మంచి అవకాశం పోగొట్టుకున్నామో!"

"నిజమే సార్," అన్నాడు పీరా, జీను పట్టీ ఇంకో చిల్లు బిగిస్తూ. "ఏం చేద్దాం, మాది కదుల్తాది గదా."